పెరుగు బుడతలు

అనగనగా, ఏటికి పెద్ద వరదొచ్చిన ఏడాది, పుష్యమాసం చలిలో, బెల్లం వండే ఒక ఊళ్ళో నూకాలని నీ అంత పిల్ల ఉండేదిరా కన్నా. వాళ్ళ నాన్న పెనం దించగానే గరిట నాకడం దాని పని. రాత్రి బుగ్గన బెల్లంముక్క పెట్టుకునే నిద్రపోయేది.

ఆ నోట్లో కంటికి కనపడని తొలిచే బుడతలుండేవారు. వాళ్ళు తీపి తిని పులుపు ఉమ్మేవారు. ఆ పులుపుకి పన్ను తడిసిన ఉప్పురాయిలా మెల్లమెల్లగా కరిగేది. అలా ఒక పాలపన్నుకి గుంత పడింది. దాని వెనకే ఆ ఏడు మొలిచిన కొత్త దంతం. అది పోతే మళ్ళీ రాదు. బుడతలు దానిమీద కన్నేశారు.

అప్పుడు నూకాలు అమ్మమ్మ పారమ్మ ఆ నోట్లోకి చూసింది.

"ఓలమ్మా, నోరా ఇది, బెల్లం కొట్టా? మన పెరుగులో మంచి బుడతలుంటారే. వాళ్ళెళ్ళి కూచుంటే వీళ్ళకి చోటుండదు. నువ్వే తోడు పెట్టు, నువ్వే తిను."

నూకాలుకి ఆగే ఓపికేదీ? పొంగిన పాలలోనే తోడు వేసేసింది. పాపం, పెరుగు బుడతలు ఉడికిపోయారు. తెల్లారినా పాలు పాలలాగే ఉన్నాయి.

"మునసబుగారి కోడలా, అంత తొందరేమిటే?" అంది పారమ్మ.

ఆ తర్వాత గోరువెచ్చని పాలలో వేసింది. పెరుగు తోడుకుంది. తిన్నది, తిని మళ్ళీ బుగ్గన బెల్లం పెట్టుకుంది. పెరుగు బుడతలు తెల్లటి పడవల్లో తేలుతూ వచ్చారు. ఎక్కడ చూసినా తీపి తిని బలిసిన తొలిచే బుడతలే, కూచోడానికి చోటే లేదు. ఒక్క గుక్కతో పడవలన్నీ పొట్టలోకి జారిపోయాయి. కొత్త దంతం జివ్వుమంది. నూకాలు భయపడి ఏడ్చింది.

మూడోసారి వేపపుల్లతో పళ్ళు తోముకుంది. బెల్లంముక్క అమ్మమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే తినెయ్."

"నాకు పళ్ళేవే!" అని పారమ్మ బోసినోటితో నవ్వింది.

అప్పుడు నూకాలు పెరుగుని నాలుకమీద నిదానంగా తిప్పుతూ తిన్నది. పెరుగు బుడతలు పంటి సందుల్లో చాపలు పరుచుకుని, హాయిగా ఒత్తిగిలి పడుకున్నారు. కొందరు జారిపోయేవారు. మర్నాడు మళ్ళీ కొత్తవాళ్ళు వచ్చేవారు. తీపి లేక, చోటు లేక, తొలిచేవాళ్ళు చిక్కిపోయారు. కొత్త దంతం తెల్లగా నిలిచింది.

కథేమో కంచి బండెక్కింది,
కన్నా, నీ కంటికి కునుకెక్కింది.

ఏమిట్రా? గుంత పడ్డ పన్నా? దాన్ని పీకించేశారు.