తలుపులు పీకిన కిటికీ

“రాత్రి డ్యూటీ దిగిన మన సిస్టర్లు ఇకమీదట బెంచీల మీద కునికిపాట్లు పడక్కర్లేదు. కొండ బంగళాలో గది వాళ్ళదే. ఉగాదికల్లా తాళంచెవి వాళ్ళ చేతిలో పెడతాం.”

మా ఊరు విశాఖలో ఒక ఆస్పత్రి ఉంది. దాని అడ్మినిస్ట్రేటర్ జగన్నాథరాజు గారు పోయినేడు నర్సుల దినోత్సవం నాడు మైకు ముందు అన్న మాటలివి. కేకు కోసి అన్నారు. చప్పట్లు ఆగేదాకా ఆగి, మళ్ళీ అన్నారు.

ఉగాది వచ్చింది. పచ్చడి పంచారు. తాళంచెవి ఇవ్వలేదు.

దానికి బదులు మా దానియేలు మాస్టారికి కబురు పెట్టారు. మాస్టారు ఇళ్ళ లోపలి అలంకరణ నేర్పే మనిషి. ఆయన దగ్గర ముగ్గురం శిష్యులం. మాధుర్య, ఫిరోజ్, నేను. నా పేరు అభ్యుదయ్. మా నాన్న ఏరికోరి పెట్టాడు. ఆ పేరు నిలబెట్టే పూచీ నాది.

ఆస్పత్రి పక్కనే ఉన్న కొండ బంగళాలోని ఆ గది స్పెయిన్ పద్ధతిలో కట్టిన పడకగది. ఎప్పుడో ఓడల వ్యాపారం చేసినాయన ముచ్చటపడి కట్టించుకున్నాడట. ఇప్పుడా బంగళా ఆస్పత్రిది. మూరెడు మందం సున్నపు గోడలు, ఎర్రమట్టి పలకల నేల, పైన నల్లటి దూలాలు, గొలుసుకి వేలాడే ఇనుప దీపం. తూర్పున సముద్రం వైపు కమాను కిటికీ. దానికి బరువైన చెక్క తలుపులు.

“గది మరీ పాతగా ఉంది మాస్టారూ” అన్నారు రాజు గారు. “ఏదైనా మంచి స్టైల్లోకి మార్చండి. బ్రోచర్లో ఫొటో వెయ్యాలి. రెండు మూడు రకాలు చూపిస్తే ఒకటి ఖాయం చేస్తాం. ఆ తర్వాతే సిస్టర్లకి.”

మొదట మాధుర్య జపాన్ పద్ధతిలో సర్దింది. నేలకి ఆనించిన పరుపు, చాప, కాగితపు దీపం, పింగాణీ గిన్నెలో ఒకే ఒక్క కొమ్మ.

రాజు గారు చుట్టూ చూశారు. “సామాను ఇంకా రావాలా అమ్మా?”

ఫిరోజ్ మొరాకో పద్ధతిలో సర్దాడు. ఇత్తడి లాంతర్లు, రంగురంగుల తివాచీలు, మెత్తలు.

“బ్రహ్మాండం. కాకపోతే నర్సులు పడుకునే గదికి ఇంత నవాబీ ఎందుకోయ్?”

మాధుర్య మళ్ళీ నార్వే, స్వీడన్ల పద్ధతి పట్టుకుంది. లేత రంగు చెక్క మంచం, బూడిదరంగు ఉన్ని దుప్పటి.

“చూస్తేనే జలుబు చేసేలా ఉంది” అన్నారు రాజు గారు.

ప్రతిసారీ ఫొటోలు తీశారు. ప్రతిసారీ సామాను దించి, గదికి తాళం వేశారు. గది వేషాలు మారుస్తూనే ఉంది. నర్సులు బంగళా వరండా బెంచీ మీద కూర్చుని బస్సు కోసం చూస్తూనే ఉన్నారు.

నా రక్తం ఉడికిపోయింది. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పొట్లంలోంచి వేయించిన బఠాణీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నారు.

“ఇది మోసం మాస్టారూ! స్టైల్ అంటేనే పెత్తనం. అలంకారం అంటే ఉన్నవాడు లేనివాడికి చెప్పే అబద్ధం. ఈ గదికి కావాల్సింది జపానూ కాదు, మొరాకో కాదు, విముక్తి!”

“ఎవరికి?”

“గదికి. మనుషులకి. ఇద్దరికీ.”

“అయితే నువ్వేం చేస్తావోయ్?”

“ఏ స్టైలూ లేని గది చేస్తాను. ప్రజల గది.”

“చెయ్యి” అన్నారు. ఇంకో బఠాణీ నమిలి, “మన పద్ధతి తెలుసు కదా. చెయ్యి పెట్టే ముందు, గదిని వాళ్ళు వాడే వేళకి పోయి కాసేపు ఖాళీగా కూర్చో” అన్నారు.

అది మా దగ్గర మొదటి పాఠం. వంటిల్లయితే వంట వేళకి, చదువుకునే గదయితే చదివే వేళకి వెళ్ళి, చేతిలో టేపు కూడా లేకుండా కూర్చోవాలి.

“రోజూ కూర్చుంటున్నాను మాస్టారూ. సాయంత్రం ఎంత గాలి! ఎంత సముద్రం!”

ఆయన పొట్లం నా వైపు చాపారు. నాకు బఠాణీలు తినే తీరిక లేదు.

పొద్దుటి పూటంతా మాకు మాస్టారి ఇంట్లో డ్రాయింగు పని. బంగళాకి నేను చేరేసరికి మూడు దాటేది. చేరగానే యుద్ధం మొదలెట్టేవాణ్ణి. ఇనుప దీపం దించేశాను. మామూలు మంచం, దూది పరుపు, తెల్ల దుప్పటి, ఒక ముక్కాలిపీట, దాని మీద మంచినీళ్ళ కూజా. అంతే.

మిగిలింది కిటికీ. ఆ తలుపులు చూస్తే నాకు మంట. ఇనుప బొడిపెలు కొట్టిన నల్లటి చెక్క, కోట తలుపుల్లా. మూశామంటే వెలుగు నూలుపోగంత కూడా లోపలికి రాదు. ఇలాంటి తలుపుల చాటునే కదా లోకంలో పెత్తనాలన్నీ పెరిగింది!

స్క్రూలు తుప్పుపట్టి ఉన్నాయి. చెయ్యి బొబ్బలెక్కినా వదల్లేదు. రాజు గారు చూడ్డానికి వచ్చే ముందురోజు సాయంత్రానికి రెండు తలుపులూ ఊడదీసి పెరటి గోడకి చేరేశాను.

సముద్రం మొత్తం లోపలికి వచ్చేసింది.

మంచం తలవైపు గోడకి పెద్ద చార్టు అంటించాను. ఎర్ర అక్షరాలతో రాశాను.

వెలుగు అందరి హక్కు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి రాజు గారు ఫొటోగ్రాఫర్‌ని వెంటపెట్టుకుని వచ్చారు. మాస్టారు ఆటోలో దిగారు. వరండా బెంచీ మీద పైడితల్లి సిస్టర్ ఉంది. రాత్రి డ్యూటీ దిగి, తగరపువలస బస్సు కోసం కూర్చుని, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒడిలో టిఫిన్ బాక్సు జారిపోతోంది.

నేను ఆవిణ్ణి తట్టి లేపాను. “సిస్టర్, లోపలికి రండి. ఇది మీ గది. తీర్పు చెప్పాల్సింది మీరు.”

ఆవిడ కళ్ళు నులుముకుంటూ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

నేను మొదలెట్టాను. గది మనిషి కోసమన్నాను. మనిషి గది కోసం కాదన్నాను. తెరిచిన కిటికీయే తొలి తిరుగుబాటు అన్నాను. రోహిణి కార్తె ఎండ కిటికీలోంచి నేరుగా మంచం మీద పడుతోంది. తెల్ల దుప్పటి తళతళలాడుతోంది. నా మాటలకి సూర్యుడే సాక్ష్యం అనిపించింది.

నేను చెబుతుండగానే మాస్టారు చెప్పులు విడిచి మంచమెక్కి పడుకున్నారు.

“మాస్టారూ! దుప్పటి నలిగిపోతుంది!”

ఆయన వినలేదు. వెల్లకిలా పడుకున్నారు. ఎండ మొహం మీద పడింది. కళ్ళు చికిలించారు. గోడ వైపు తిరిగారు. సున్నపు గోడ ఎండని అంతకంత వెనక్కి కొడుతోంది. ఇటు తిరిగారు. దిండు తీసి మొహం మీద పెట్టుకున్నారు. ఊపిరాడక తీసేశారు.

లేచి కూర్చున్నారు. కాసేపు అటూ ఇటూ చూశారు. నా చార్టు కనబడింది. చిరగకుండా, నాలుగు మూలలా నెమ్మదిగా ఊడదీశారు. మళ్ళీ పడుకుని దాన్ని మొహం మీద కప్పుకున్నారు.

వెలుగు అందరి హక్కు. ఎర్ర అక్షరాలు ఆయన ఊపిరికి పైకి లేస్తున్నాయి, కిందికి దిగుతున్నాయి.

ఫొటోగ్రాఫర్ పకపకా నవ్వాడు. రాజు గారు కూడా నవ్వారు. “నీ నినాదం మీ మాస్టారికి బాగానే పనికొచ్చిందయ్యా!”

పైడితల్లి సిస్టర్ నవ్వలేదు. కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీకేసి చూస్తోంది.

“తలుపులేవి బాబూ?” అంది. “నిరుడు మేం చూడ్డానికొచ్చినప్పుడు ఉండీవి.”

నేను పెరటి గోడకేసి చూశాను.

జవాబు రాజు గారు చెప్పారు. “లేకపోతేనే బాగుంది సిస్టర్! చూడండి, సముద్రమంతా ఎలా కనబడుతోందో. ఇదే ఖాయం. శభాష్ అభ్యుదయ్! పై ఊళ్ళ నుంచి వచ్చే పెద్ద డాక్టర్లకి ఈ గది ఇచ్చామంటే ఆస్పత్రికే పేరు. సిస్టర్లకి వేరే ఏదో చూద్దాం, ఏం?”

ఆ శభాష్ నా చెంప మీద పడింది.

“అలాగేనండీ” అంది సిస్టర్. ఆవిడకి అది అలవాటైన మాట. టిఫిన్ బాక్సు తీసుకుని బెంచీ వైపు తిరిగింది.

నేను పెరట్లోకి పరిగెత్తాను. ఒక తలుపు భుజానికెత్తుకుని వచ్చాను. కిటికీ దగ్గర నిలబెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను.

“ఏం చేస్తున్నావోయ్?” అన్నారు రాజు గారు.

“కనబడటం లేదా సార్?”

“ఫొటో తియ్యాలి! తలుపు పెడితే సముద్రం పోతుంది!”

“సముద్రం ఎక్కడికీ పోదు సార్. మీరు ఇస్తానన్న గదే పోతోంది.”

“ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?”

“‘ఉగాదికల్లా’ అని మాటిచ్చిన పెద్దమనిషితో.”

ఒక చేత్తో తలుపు ఆపుకుని, రెండో చేత్తో తిప్పుతున్నాను. స్క్రూ రంధ్రంలో కుదరడం లేదు. చార్టు కింద నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

“ఒంటి చేత్తో బిగవదు.”

ఆయన లేచి వచ్చి, తలుపుకి కింద భుజం ఆనించారు. నేను బిగించాను. రెండో తలుపు తేవడానికి ఇద్దరం వెళ్ళాం. రాజు గారు ఫోన్లో ఎవరి మీదో అరుస్తున్నారు. ఫొటోగ్రాఫర్ ఏమనుకున్నాడో, కెమెరా పక్కన పెట్టి, తలుపు పైకొస పట్టుకున్నాడు.

తలుపులు మూశాం. గదిలో చీకటి పడింది. మూరెడు గోడలు, మట్టి పలకల నేల, ఎండ ఎక్కడో బయట. చల్లగా ఉంది.

మాస్టారు దుప్పటి దులిపి సరిచేశారు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, “రామ్మా” అన్నారు.

సిస్టర్ రాజు గారి వైపు చూసింది. మా వైపు చూసింది. “బస్సొచ్చెస్తాదండీ” అంది.

“ఇంకోటొస్తుంది.”

ఆవిడ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది. మాస్టారు బయటి నుంచి గది తలుపు దగ్గరగా వేసి, గుమ్మానికి అడ్డంగా మెట్టు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. రాజు గారు ఏదో అనబోయారు. మాస్టారు పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

“పడుకుంది సార్. మెల్లిగా.”

ఆ రోజు ఎండ పడమటికి తిరిగేదాకా ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

మర్నాటికి గదికి కొత్త తాళం పడింది. మా పని రద్దయిందని కబురొచ్చింది. నాకు బంగళా గేటు లోపలికి ప్రవేశం లేదట.

నేను మాస్టారింటికి వెళ్ళి కూర్చున్నాను. ఆయన పొట్లం చాపారు. ఈసారి తీసుకున్నాను.

కాసేపటికి ఆయన లోపలికి వెళ్ళి, చుట్టగా చుట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. నా చార్టు. దాని మీద ఆయన నుదుటి చెమట మరక ఇంకా ఉంది.

“పారేద్దామా మాస్టారూ?”

“వెనకవైపు ఖాళీగానే ఉందిగా” అన్నారు.

ఇదంతా ఆ వెనకవైపే రాశాను. చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి. రేపు పొద్దున్న డ్యూటీ మారే వేళకి దీన్ని బంగళా గేటుకి బయటివైపు కడతాను. అక్కడ నిలబడటానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చివర్లో నినాదం రాయడానికి చెయ్యి ముందుకు పోయింది. ఆపుకుని, ఇది రాశాను:

జగన్నాథరాజు గారూ, కిటికీ తలుపులు బాగానే మూసుకుంటున్నాయి. పైడితల్లి సిస్టర్‌కి అందులో నిద్ర పట్టింది. తాళంచెవి ఎప్పుడిస్తారు? జవాబు జూన్ ముప్పయ్యో తేదీ లోపల కావాలి.