నాలుగొందల మంది సభ, గంపెడు పెంటికలు

అనగనగా కొండకి అవతల, ఏటికి ఇవతల ఒక రాజ్యం. అక్కడ రాజుగారి సభంటే నాలుగొందల మందర్రా! కుమ్మరోడు, మంత్రసాని, గానుగాడించే తాత, పడవ నడిపే మామ... అందరూ కూర్చుని గోలగోలగా మాట్లాడుకుని చట్టాలు చేసేవాళ్ళు. జీతమా? రోజుకి మానెడు జొన్నలు, ముంతెడు మజ్జిగ. కోతలయ్యాక నెల్రోజులు సభ, ఆ తర్వాత ఎవరి పని వాళ్ళది. ఊ కొడుతున్నారా?

వాళ్ళల్లో గొల్లోళ్ళ కోడలు బీరమ్మ ఒకత్తి. ఉత్త సిగ్గరి. వెనకమాల కూర్చుని గొంగడికి ఉన్ని వడుక్కుంటా వినేది, అడిగితేనే నోరిప్పేది.

కొత్తగా వచ్చిన మంత్రికి ఈ గోల గిట్టలా. ఇది సభా, సంతా అన్నాడు. ఐదుగురు పండితులు చాలు, పట్టుపరుపులేసి, బంగారం పోసి కూర్చోబెడదామన్నాడు. రాజు సరేనన్నాడు. నాలుగొందల మందీ ఇంటికి!

ఆ ఐదుగురి మొదటి చట్టం ఏంటో తెలుసా? గొర్రె చేలో కాలు పెట్టకూడదంట. పెడితే మంద రాజుగారిదంట.

అయ్యో పిచ్చినాయనలారా! కోతలయ్యాక రైతులే బతిమాలి చేలో మంద కట్టించుకుంటారు కదా. గొర్రెలు పడుకున్న చోటల్లా ఎరువే. దానికి గొల్లోళ్ళకి ఇన్ని గింజలు కొలుస్తారు. ఇప్పుడు చేనుకి ఎరువు లేదు, మందకి చోటు లేదు, బీరమ్మ పొయ్యిలో మంట లేదు. శుక్రవారం సంతలో అరవై గొర్రెల్నీ కసాయోడికి తోలేద్దామే అంది అత్త. బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అరవైకీ అరవై పేర్లు పెట్టుకుంది మరి.

గురువారం పొద్దున్నే గంపెత్తుకుని, దానిమీద గుడ్డ కప్పి బయల్దేరింది. దారిలో కుమ్మరోడు కలిశాడు, గానుగ తాత కలిశాడు, అలా సగం సభ వెనకే నడిచింది.

రాజు ముందు బీరమ్మ గంప దించింది. సిగ్గు పక్కన పెట్టి అడిగేసింది: "దొరా, ఇదేంటో మీ పండితుల్ని చెప్పమనండి. ఇది లేకపోతే మీ కంచంలో అన్నం ఉండదు."

గుడ్డ తీసింది. నల్లగా, గుండ్రంగా... మొదటాయన మిరియాలన్నాడు. రెండో ఆయన తామరగింజలన్నాడు. మూడో ఆయన మందు మాత్రలన్నాడు. నాలుగో ఆయన వాసన చూసి ఆలోచనలో పడ్డాడు. ఐదో ఆయన... నవ్వకండర్రా... నోట్లో వేసుకున్నాడు!

"ఉమ్మెయ్యి బాబూ, అవి గొర్రె పెంటికలు!" అని అరిచాడు గానుగ తాత.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఠక్కున ఆగిపోయాడు. పెంటికంటే తెలీనోళ్ళ చేతనా నేను గొర్రెలకి చట్టం చేయించింది అని తల వంచుకున్నాడు. చట్టం కొట్టేశాడు, పాత సభని రమ్మన్నాడు. ఇకమీదట అందరికీ బంగారమే అన్నాడు.

బీరమ్మ మెల్లిగా అంది: "వద్దు దొరా. బంగారమిస్తే మా గొర్రెల్ని మేమే మర్చిపోతాం. అసలేమీ ఇవ్వకపోతే కలిగినోళ్ళే వస్తారు. మానెడు జొన్నలు చాలు. మజ్జిగలో మాత్రం కాస్త ఉప్పెయ్యమనండి."

ఆ ఉప్పు ఎంతెయ్యాలని నాలుగొందల మందీ మూడ్రోజులు పోట్లాడుకున్నారంట! గోల ఉంటదమ్మా, లేదనను. కానీ నలుగురు నాలిక మీద వేసుకున్న కూరలో ఉప్పు లెక్క తప్పదు.

కథేమో కంచికి, అరవై గొర్రెలూ చేలోకి, మీరేమో దుప్పట్లోకి.