బావి నుంచి మల్లెపాదు దాకా

గురువమ్మ నోట ఒక్క మాట కోసం మూడేళ్ళుగా కాచుకుని ఉంది కనకవల్లి. "ఇక నువ్వు ఒకరికి నేర్పవచ్చు" అనే మాట. అది రానిదే వాళ్ళ మఠంలో ఎవరూ శిష్యుల్ని చేర్చుకోకూడదు.

పాడుపడ్డ దివాణం తోటను బాగుచెయ్యమని పంపింది గురువమ్మే. కనకవల్లి పాత పటం వెతికి పట్టుకుంది. అందులో గీత ఎక్కడుంటే అక్కడ బాట వేయించింది, చుక్క ఎక్కడుంటే అక్కడ మొక్క నాటించింది. ఇవాళ గురువమ్మను వెంటబెట్టుకొచ్చి చూపిస్తోంది.

"ఇది రాజావారు పొద్దున్నే తిరిగే బాట. అది రాణీగారి మంటపం. ఇందులో నా సొంతం ఒక్క ఆకు కూడా లేదమ్మా. అంతా అప్పుడున్నట్టే."

"అబ్బో!" అంది గురువమ్మ. "మల్లెలు వాడాయే?"

"సాయంత్రం పైపుతో తడుపుతారు."

"అప్పుడు పైపులు లేవుగా."

అంటూనే ఆమె బావి దగ్గరికి నడిచింది. గట్టు మీది ఇత్తడి బిందె నిండా నీళ్ళు చేదింది. చంకనెత్తుకుని నిలబడింది.

"ఎటు పోనే?"

కనకవల్లి తెల్లబోయింది. బాట చూపించింది.

"అది రాజావారిది అన్నావు. నీళ్ళమనిషిని అందులో నడవనిస్తాడా?"

ఉత్తరాన పొదల కంచె. తూర్పున తామరకొలను. మధ్యలో ఎవరూ తొక్కకుండా కత్తిరించి ఉంచిన పచ్చిక.

"కంచె దూకమంటావా? దూకేదాన్నే, మోకాళ్ళు ఒప్పుకోవు."

కనకవల్లి పటం విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బావి ఉంది, మల్లెపాదు ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"ఇందులో దారి లేదమ్మా."

"మరి ఈ మల్లెలు అన్నేళ్ళు ఎలా పూశాయే? రాజావారి మీసం చూసుకునా?"

తప్పు పటానిదా, తనదా? బిందె తొణికి గురువమ్మ చీర తడుస్తోంది. చూడలేక కనకవల్లి బిందె అందుకుని పచ్చిక మీద అడుగు వేసింది. అడుగు వేశాక ఎటు తిరగాలో తెలియక ఆగింది. పాదు కనిపించిన వైపు నడిచింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నింపింది.

పాదులన్నీ తడిసేసరికి ఇరవైసార్లు తిరిగింది. పచ్చికలో సన్నగా ఒక చార పడింది. కనకవల్లి నడుం పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత పటం తీసింది, పెన్సిలు తీసింది.

"గీతకేం తొందర?" అంది గురువమ్మ. "ముందు దారి అరగనీ."