సుకిరి అవ్వ తలుపు

అనగా అనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఎక్కడానికి రెండు రోజులు పట్టే ఎత్తున ఒక మడుగు ఉండేదట. వేలు పెడితే కొరికేంత చల్లటి నీళ్లు. దాని ఒడ్డున చిన్న పాకలో సుకిరి అనే ముసలమ్మ ఒక్కతే ఉండేది.

ఉప్పు కావిళ్లు మోసేవాళ్లు కొండ దాటుతూ ఆ ఒడ్డునే బస చేసేవాళ్లు. వాన పట్టిందంటే అక్కడ ఎండుపుల్ల దొరకదు. అందుకని సుకిరి ఎండాకాలమంతా కట్టెలు ఏరి, ఒక పెద్ద బండ కింద తడవకుండా పేర్చిపెట్టేది.

ఒక ఏడు కొండ కింది దొర తన మనుషులతో గుడారాలు వేసుకుని సరదాగా మూడు రోజులు ఉందామని వచ్చాడు. మొదటి రోజు జింకను కాల్చుకోడానికి ఆ కట్టెలు తీశారు.

"అవి తర్వాత వచ్చేవాళ్లవి బాబూ," అంది సుకిరి.

"ఎవడే వాడు? పిలవ్వే, వాడినే అడుగుతాం," అన్నాడు దొర. అందరూ నవ్వారు.

రెండో రోజు స్నానానికి నీళ్లు కాచుకోడానికి తీశారు.

"అవి తర్వాత వచ్చేవాళ్లవి బాబూ."

"ఇంకా రాలేదా వాడు? కాళ్లు నొప్పులేమో."

మూడో రోజు మిగిలినవన్నీ కుప్పపోసి అంటించారు. సుకిరి మళ్లీ అదే మాట చెప్పింది. ఎవరూ వినలేదు. వంటకా అంటే వంటకి కాదు, చలికా అంటే చలికీ కాదు. మంట నీళ్లలో ఎలా కనబడుతుందో చూడ్డానికట! చూశారు, బాగుందన్నారు, దిగిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది. ఉప్పు కావిళ్లవాళ్లు ఏడుగురు ముద్దగా తడిసి వచ్చారు. ఒకామె చంకలో పసిబిడ్డ. బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. బండ కింద చూస్తే ఒక్క పుల్ల లేదు.

సుకిరి తన మంచం విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. చాల్లేదు. అటక వెదుళ్లు లాగింది. చాల్లేదు. తలుపు మీద చెయ్యేసింది.

"తలుపొద్దవ్వా, గాలి నిన్ను తినేస్తుంది," అంది బిడ్డ తల్లి.

"గాలి నాకు అలవాటే. నీ బిడ్డకి అలవాటు లేదు."

తలుపు మండింది. అప్పుడు బిడ్డ ఏడ్చింది. ఏడ్చిందంటే బతికినట్టే కదా.

తెరిపిచ్చాక వాళ్లు వెళ్లారు. మళ్లీ వాన పట్టుకుని వారం వదల్లేదు. తిరుగుదారిలో వాళ్లు అవ్వకోసం కొత్త తలుపు మోసుకొచ్చారు. పాకలో సుకిరి ముడుచుకుని పడుంది. చలికి పోయింది. ఆ తలుపు మీదే ఆమెను మోశారు.

సంగతి విని దొర, "నాకు తెలీదే," అన్నాడట. తెలీదా? మూడుసార్లు చెప్పింది కదా!

ఆమె పేరు చెక్కించి నున్నటి రాయి మడుగు ఒడ్డుకి పంపాడు. అప్పుడు అక్కడ బస చేసిన బిడ్డ తల్లి దాన్ని తట్టి చూసి, మోసుకొచ్చినవాళ్లను అడిగింది: "ఇది మండుద్దా నాయనా?"

వాళ్లు తలదించుకుని రాయిని మళ్లీ కిందికి మోసుకుపోయారు.

ఇప్పటికీ ఆ మడుగు దగ్గర బస చేసేవాళ్లు, ఎంతటివాళ్లయినా, ముందు ఒక మోపు ఏరి బండ కింద పెట్టాకే పొయ్యి ముట్టిస్తారు. పెట్టకుండా ముట్టించినవాణ్ణి ఎవరూ తిట్టరు, కొట్టరు. వాడి మంటకు వీపు తిప్పి, చలిలోనే కూర్చుంటారు.