పంకా మనిషి ఇంగ్లీషు ముక్క

తెల్లదొరల కాలంలో ఒక రేవుపట్నంలో నూకాలమ్మ అనే ఆమె దొర కచేరీలో పైకప్పుకు వేలాడే పంకాను తాడుతో లాగేది. ఆమె మొగుడు సింహాద్రిని వెట్టిపనికని ఉప్పుమళ్ళకు పట్టుకుపోయి ఏడాదైంది. అయినా రోజూ అతని కంచం కూడా కడిగి, చూసి చూసి బోర్లించేది.

దొర తన గుమాస్తాలకు ఇంగ్లీషు నేర్పేవాడు. "'నాతో' అనడానికి 'విత్ ఐ' అంటారేమిటయ్యా? 'విత్' పక్కన చేరితే 'ఐ' కాస్తా 'మి' అవుతుంది!" అని రోజూ తిట్టేవాడు. ఒకనాడు విసిగిపోయి, "మీకంటే ఆ పంకా మనిషి నయం. ఏమ్మా, ఒక ముక్క చెప్పు" అన్నాడు వెటకారంగా.

నూకాలమ్మ తాడు వదలకుండానే, "మై హస్బెండ్ ఈజ్ విత్ మి" అంది.

దొర నోరు తెరిచాడు. "భేష్! ఏం కావాలి నీకు?"

"నేను చెప్పిన ఆ ముక్కా, అది సరైనదేననీ నా పేరున రాసి, సంతకం పెట్టివ్వండి బాబూ."

దొర నవ్వుతూ రాసిచ్చాడు. ఆమె ఆరు కోసులు నడిచి, ఆ కాగితాన్ని ఉప్పుమళ్ళ అధికారి చేతిలో పెట్టింది.

"తన మొగుడు తనతోనే ఉన్నాడని నూకాలమ్మ చెప్పింది సరైనదే" అని చదివి, "వాడు ఇక్కడుంటేనూ!" అన్నాడతను.

"అయితే దొరగారు అబద్ధం మీద సంతకం పెట్టారని మీరూ ఒక ముక్క రాసివ్వండి. తీసుకెళ్ళి చూపిస్తాను."

అధికారికి ముచ్చెమటలు పోశాయి. సింహాద్రిని వెంటనే పిలిపించాడు.

ఉప్పుకి పగిలిన కాళ్ళతో కుంటుతూ వచ్చి, "ఎలా వదిలారే నన్ను?" అన్నాడు సింహాద్రి.

నూకాలమ్మ వంగి, ఆ కాళ్ళకంటిన ఉప్పును కొంగుతో తుడిచింది. అతని చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.