రివర్స్ ఒక్కటే పడింది

గురువు మౌలాలి తాత దగ్గర పదకొండేళ్లు సేవ చేశాక దస్తగిరికి ఒక దిగులు పట్టుకుంది. ఆ సాయంత్రం గుండ్లకొండ దర్గాలో అతన్ని గురువుగా కూర్చోబెట్టబోతున్నారు. చెప్పవలసిన మాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. తాత దగ్గినట్టు దగ్గడం కూడా వచ్చు. గురువు చేయవలసిన పని ఏమిటో మాత్రం తెలియదు.

తాతను ఎక్కించుకుని గుండ్లకొండకు కారు తోలుతూనే అడిగాడు. "తాతా, గురువు పని ఏంది?"

వెనక సీట్లో తాత కిటికీలోంచి మేకల్ని చూస్తున్నాడు. "ఆ నల్లదానికి గడ్డం లేదు, చూసినావా?" అన్నాడు.

దస్తగిరి మళ్లీ అడిగాడు. ఈసారి కారు జవాబు చెప్పింది. లోపల ఏదో కటకటమంది. ఇంజన్ గుక్కపట్టి అరుస్తోంది, బండి మాత్రం నెమ్మదించి రోడ్డు పక్కన నిలబడిపోయింది. గేరు రాడ్డు పెరుగులో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. దస్తగిరి యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాడు. కోపంతో తొక్కితే కదిలే కారు ఇంకా పుట్టలేదు.

మోపెడ్ మీద గడ్డిమోపు వేసుకుపోతున్న ఒక రైతు ఆగాడు. తల లోపలికి పెట్టి, రాడ్డు నాలుగువైపులా ఆడించి చూశాడు.

"ముందు గేర్లు ఒక్కటీ పడవు సామీ. రివర్స్ ఒకటి పడతాంది. ముందర పది మైళ్లు నరమానవుడు ఉండడు. వెనక రెండు మైళ్లల్లో కూడలి కాడ మెకానిక్ ఉండాడు. అట్నే ఎనక్కి పోండి."

దస్తగిరి మొహం మాడిపోయింది. "గురువుగా కూర్చునే దినం వెనక్కి పోవడమా? చూసినోళ్లు నవ్వరా తాతా?"

"నవ్వనీలే." తాత కళ్లు మెరుస్తున్నాయి. "ఎనభై ఏండ్లొచ్చినాయి, వెనక్కి పోయే కారు ఎప్పుడూ ఎక్కల్యా. పోనీ, ఎట్లుంటాదో చూద్దాం."

దస్తగిరి మెడ తిప్పి, వెనక అద్దంలోంచి చూస్తూ బండి కదిలించాడు. తాతకు ఉత్సాహం ఆగలేదు. సీటు మీద మోకాళ్లేసి, తనూ వెనక్కి తిరిగి దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"కుడికి! కుడికి తిప్పు!"

పదకొండేళ్లలో తాత మాట జవదాటని దస్తగిరి కుడికే తిప్పాడు. కానీ వెనక్కి తిరిగినవాడి కుడి వేరు, స్టీరింగు పట్టినవాడి కుడి వేరు. వెనక చక్రం గుంత అంచుకు పోయింది. రాళ్లు జారి కిందపడిన చప్పుడు వినిపించింది. దస్తగిరి బ్రేకు తొక్కాడు.

"తాతా, మీరు చెప్పొద్దు! తల వంచండి! మీ తలపాగా అడ్డమొస్తాంది, దారి కనపడల్యా!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు.

తాత తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నడుము వంచి, తల బాగా కిందికి దించాడు. అద్దం నిండా దారి కనిపించింది.

పొలాల్లో కూలీలు పనులాపి నవ్వారు. కుక్కలు బండికి ముందేదో వెనకేదో తేలక, తికమకపడి మొరిగాయి. దస్తగిరికి అవేవీ పట్టలేదు. చూపంతా దారి మీదే. ఆ చూపుకు కింది అంచున, వంగిన నెరిసిన తల ఒకటి కనిపిస్తూనే ఉంది. రెండు మైళ్లలో అది ఒక్కసారి కూడా పైకి లేవలేదు.

కూడలి చేరారు. మెకానిక్ గేరుబాక్సు విప్పాలన్నాడు, గుండ్లకొండకు తన జీపు ఇస్తానన్నాడు. దస్తగిరి అతని మాట సగం వింటూనే వెళ్లి వెనక తలుపు తీశాడు.

తాత మెల్లగా నడుము నిలబెట్టి, రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు.

"నొప్పి పుట్టిందా తాతా?" అన్నాడు దస్తగిరి.

"పుడతాది మరి," అన్నాడు తాత తలపాగా చుట్టుకుంటూ. "రేపట్నించి గురువువి గదా, నీకూ పుడతాది."