మన్నుమోతమ్మ రాయి

పూర్వం ఈ సీమను ఒక నాయకుడు ఏలుతుండేవాడు. ఆయన పేరు విషయంలో స్థానికుల మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇక్కడి పొలిమేర శిలపైన కూడా అది కనిపించదు గనుక ఊహించి చెప్పడం భావ్యం కాదు. ఆ కాలంలో జిల్లేళ్లమిట్ట అనే మెట్టగ్రామంలో వరుసగా వానలు తప్పి బావులన్నీ అడుగంటాయి. దానికి పడమటనున్న ఊటపల్లె దాపున ఏ వేసవికీ ఇంకని జలధార ఒకటి ఉండేది. ఊటపల్లెవారు దాని చుట్టూ ముళ్లకంప వేసి, పరాయి ఊరి కడవను అందులో ముంచనివ్వడం మానుకున్నారు. రెండు గ్రామాల నడుమనున్న పొలిమేర రాయి అంతకు ఒక తరం ముందే వాగు పొంగులో కొట్టుకుపోయింది. ఆ అదను చూసుకుని జిల్లేళ్లమిట్ట పెద్దకాపు బసివిరెడ్డి, ఊట తమ ఎల్లలోనిదేనని నాయకుని సముఖంలో ఫిర్యాదు చేశాడు.

అటువంటి వివాదాలకు ఆనాడు ఒక ఆచారమే ప్రమాణం. ఫిర్యాదు చేసిన ఊరి బారికి, అంటే ఎల్లలను కనిపెట్టి ఉండే గ్రామసేవకుడు, స్నానం చేసి తడిబట్టతో, తన ఊరి మంటిముద్దను శిరస్సున ధరించి నడవాలి. అతడు దానిని ఎక్కడ దించితే అక్కడే పొలిమేర. మార్గమధ్యంలో ముద్ద విచ్చిపోతే అతని మాట చెల్లదు. దించిన చోటు అసత్యమైతే అతని వంశం నిలవదని ఇరుపక్షాల విశ్వాసం. జిల్లేళ్లమిట్ట బారికి తిమ్మడు ఆ ఏడే గతించినందున, ఆ భారం అతని ఏకైక కుమార్తె ఓబులక్కపైన పడింది.

పాత రాయి ఎక్కడ ఉండేదో ఓబులక్కకు తెలుసు. ఆమె పసితనంలో తండ్రి చేయిపట్టుకుని తీసుకువెళ్లి, చీలిన నల్లబండ పక్కన నిలబెట్టి చూపించాడు. ఆ స్థలం ఊటకు ఇవతలనే, కేకవేస్తే వినిపించేటంత దూరంలో ఉంది. ధర్మంగా చూస్తే ఊట ఊటపల్లెదే. ఈ సంగతి ఎరిగినది ఇప్పుడు తానొక్కతెయే కావడం ఆమెకు శిరస్సుకెత్తబోయే మంటికన్నా బరువుగా తోచింది.

ముద్ద మోసే నాటి ఉదయం బసివిరెడ్డి ఆమె గుడిసె ముందు నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు: "ఓబులీ, ఊట దాటినాక దించు. నడిమధ్యలో నీకు మీ నాయిన గుర్తుకు రాగూడదు."

"రాకుండా ఎట్లుంటాడు రెడ్డీ? ఆ దారి నాకు సూపిచ్చిందే ఆయప్ప."

"సచ్చినోడు నీళ్లడగడే. బతికుండేటోళ్లు అడుగుతాండారు. నీ కూతురే పొద్దన్నుంచి ఏడుస్తాంది, ఇనపడలేదా?"

ఓబులక్క బావి వైపు నడిచింది. స్నానానికి బావి అడుగున మిగిలిన బురదనీరే దక్కింది. ముద్ద కలపడానికి ఊరి నీరే వాడాలన్నది నియమం. కుండలో మిగిలిన తేటనీటిని బిడ్డకు విడిచి, ఆ బురదచెమ్మతోనే మట్టిని అదిమి తలకెత్తుకుంది. అందుచేత తొలి మలుపు దాటకముందే ముద్ద పైపొర ఎండి, రేణువులు రాలి ఆమె కనుబొమల మీద పడసాగాయి.

నాయకుని తరఫున తగవు తీర్చే అధికారి, పారుపత్యగాడు, గుర్రంపై ముందు సాగాడు. వెనుక రెండు ఊళ్లవారు కర్రలతో రెండు బారులుగా కదిలారు. ఊటపల్లె వరుసలోనుండి ఒకడు నవ్వాడు: "ఏం రెడ్డీ, మన్ను తడిపేదానికి చెంబెడు నీళ్లు గూడా పుట్టలేదా మీ ఊర్లో?"

"పుట్టింటే మీ మొగాలు సూసేదానికి ఈడికెందుకొస్తాం?" అన్నాడు బసివిరెడ్డి. కర్రలు అటూ ఇటూ కదిలాయి. పారుపత్యగాడు వెనుదిరిగి చూశాక గాని అవి ఆగలేదు.

ఓబులక్క మెడ తిప్పలేదు. తిప్పితే ముద్ద విచ్చుతుంది. చెవి పక్కగా ఒక పెళ్ల జారి భుజంపై పడినప్పుడు ఇరుపక్షాలూ ఊపిరి బిగపట్టాయి. ఎదుట ముళ్లకంప అవతల నీటి చప్పుడు వినవచ్చింది. ఆ ధ్వనికి ఆమె నాలుక అంగిటికి అంటుకుంది, ఇంట ఏడుస్తున్న బిడ్డ పెదవులు కళ్లముందు నిలిచాయి. మరికొంత దూరం నడిస్తే చాలు, కాదనగలవారు లేరు. సరిగ్గా అప్పుడే ఆమె కాలికి చీలిన నల్లబండ తగిలింది.

ఆమె ఆగింది. రెండు చేతులతో ముద్దను దించి, తండ్రి తనను నిలబెట్టిన చోటనే నేలపై ఉంచింది.

"నడువే," అన్నాడు బసివిరెడ్డి పళ్లబిగువున. "ఇంగా నడువు. ఊరిని సంపుతావా?"

"ఇదే రెడ్డీ పొలిమేర," అంది ఓబులక్క. "నేను అబద్ధమాడితే, ఆ నీళ్లు నా బిడ్డకెట్ల తాపాల?"

బసివిరెడ్డి కర్ర ఎత్తాడు. పారుపత్యగాడు గుర్రాన్ని అడ్డంగా నిలిపి, రాయి పాతడానికి అక్కడే గుంత తీయమని ఆజ్ఞాపించాడు. పొలిమేరను పెకలించినవానికి గోహత్యాపాతకమని శాసనవాక్యం గనుక, పాత రాయి నాటింది మొదలు ఏ తరంలోనూ ఏ గడ్డపారా ఆ నేలను తాకి ఉండలేదు. మోకాటి లోతున రాతిపొర పగిలింది. నల్లబండ చీలిక వెంట చల్లని నీరు పైకి ఉబికి, తవ్వేవారి పాదాలను ముంచింది.  బసివిరెడ్డి చేతి కర్ర తనంతట తానే జారిపోయింది. ఎల్లపైన పుట్టిన నీరు ఇరుగ్రామాలదీ అని పారుపత్యగాడు అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ఓబులక్క తొలి దోసిలిని తాను తాగక, కొంగు తడిపి పిండకుండా పట్టుకుని ఇంటివైపు పరుగెత్తింది.

ఊటకు అంత సమీపాన, చీలిన బండ పక్కన నీరుండడం వింత కాదని భూగర్భశాస్త్రజ్ఞులు అంటే కాదనవలసిన పని లేదు. అయితే ఆ నేలను తవ్వడానికి పొలిమేర రాయి పాతడం ఒక్కటే దారి, ఆ పొలిమేరను ఎరిగినది ఆమె ఒక్కతే. ఇప్పటికీ బాట పక్కన, ప్రభుత్వం నాటిన నీలిరంగు ఫలకం వెనుక, సూర్యచంద్రుల బొమ్మలు చెక్కి ఆనాడు పాతిన ఆ రాయి నడుములోతు నీటిలో నిలిచి ఉంది. ఫలకంపైన "ప్రాచీన సరిహద్దు శిల" అని మాత్రమే ఉంటుంది; శిలపైన శాపవాక్యమే గాని ఓబులక్క పేరు లేదు. బాటసారులు మాత్రం దానిని మన్నుమోతమ్మ రాయి అంటారు, దోసిలి పట్టే ముందు గట్టుపైన చిటికెడు మన్ను ఉంచుతారు. రాయి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దానిని నిటారుగా నిలపాలంటే ముందు నీటిని పూడ్చాలి. ఆ పనికి నేటివరకు రెండు ఊళ్లలో ఎవరి చేయీ లేవలేదు.